ఆర్విడ్ నింపిన ఇరవై తూటాలు

పడమటి గాలి వీచే రోజు ఆర్విడ్ టోస్ట్రుడ్ సీసం కాస్తే ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేది. సీసానికంటూ పెద్ద వాసనేమీ ఉండదు. మడ్డి పైకి తేలడానికని కరిగిన సీసంలో ఆయన ఓ మైనం ముక్క పడేసేవాడు, ఆ వాసన. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసనలా ఉండేది. మా రెండిళ్లకూ మధ్య ఒక బార్లీ చేను, ఒక ముళ్లకంచె. మోంటానాలో దాన్ని పక్కిల్లే అంటాం.

ఆయన ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. తెల్లారేసరికి ఊళ్లోకి దారి ఉండేది, దారి చేసినవాణ్ణి ఎవరూ చూసేవారు కాదు. ఆ అలవాటే మనిషికీ వచ్చింది. పలకరిస్తే పలికేవాడు, లేకపోతే లేదు. టైర్ల షాపువాళ్లు చక్రాలకు తగిలించే పాత సీసపు బరువుల్ని ఆయన కోసం ఒక బకెట్లో వేసి ఉంచేవారు. నెలకోసారి వెళ్లి మోసుకొచ్చేవాడు. దారిలో డెల్బర్ట్ ఇనుప సామాన్ల కొట్టు దగ్గర ఆగితే ఇక వేళాకోళం మొదలు.

"ఏం ఆర్విడ్, ఇంకా సీసం చారే కాస్తున్నావా? ఉప్పు సరిపోయిందా?"

"నీ కాఫీ కన్నా నయంలేరా డెల్బర్ట్. దీంతో అయితే ఒక్కసారే చస్తారు."

మా వైపు జనం దేన్నైనా ఇచ్చిపుచ్చుకుంటారు. రంపం, నిచ్చెన, గుర్రం, ఆఖరికి ఆంబోతు కూడా. తూటా మాత్రం ఇవ్వరు, పుచ్చుకోరు. బజార్లో కొన్నదైతే సరే. ఇంట్లో పోతపోసి నింపుకున్న తూటా నింపినవాడే పేల్చాలి. ఇంకొకరిది పేల్చడమంటే ఇంకొకరి కట్టుడు పళ్లు పెట్టుకున్నట్టే చూస్తారు. మందు ఎంత పోశాడో పోసినవాడికే తెలుసు, తుపాకీ చెంపకు ఆనించేది మాత్రం నువ్వు. గడప లోపలివాళ్లకే మినహాయింపు. ఆర్విడ్ భార్య లెనోర్ ముప్పై నాలుగేళ్లు ఆయన నింపినవే పేల్చింది. ఇత్తడి డొప్పలన్నింటిలో ఆయన మందు పోసి చెక్క పలకలో నిలబెడితే, ఆవిడ టార్చి వేసి ఒక్కొక్క డొప్పలోకీ తొంగిచూసి "ఉంది" అనేది. యాభై డొప్పలుంటే యాభై సార్లు. ఆఖరి "ఉంది" వినేదాకా ఆయన గుండు ముట్టుకునేవాడు కాదు.

ఆవిడ పోయి నాలుగేళ్లు. ఈ నాలుగేళ్లలో ఆర్విడ్ తూటాలు ఆర్విడ్ తప్ప ఈ భూమ్మీద ఎవరూ పేల్చలేదు. శనివారాలు కాల్పుల మైదానానికి వచ్చి, చివరి బల్ల దగ్గర కూర్చుని, ఓ ఇరవై పేల్చి, ఖాళీ డొప్పలు ఏరుకుని వెళ్లిపోయేవాడు.

మా తమ్ముడు వెండెల్ పోతూ నాకు వదిలింది రెండే: నడవలేని కుక్క ఒకటి, పాతకాలపు లావుపాటి తుపాకీ ఒకటి. కుక్క ఆ వేసవిలోనే పోయింది. తుపాకీకి బజారు తూటాలు మరీ ఘాటు. అందుకే ఓ రోజు కంచె దగ్గర ఆయన్ని అడిగేశాను.

"ఆర్విడ్, వెండెల్ తుపాకీకి ఓ ఇరవై నింపిపెడతారా? మెత్తగా తన్నేవి."

ఆయన తన బూట్ల వంక చూశాడు. "నేను నింపినవా?"

"మీరు నింపినవే. బజారువి పేలిస్తే ఈ భుజం వారం రోజులు నా మాట వినట్లేదు."

"మావిస్, మీ తమ్ముడు వింటే నిన్ను తిట్టేవాడు."

"బతికున్నప్పుడే వాడికి అంత ధైర్యం లేదు, ఇప్పుడేం తిడతాడు?"

ఆయన నవ్వాడు. నాలుగేళ్లలో ఆ నవ్వు వినడం అదే మొదలు. "సరే. రేపు పొయ్యి వెలిగిస్తా. చూస్తావా? బకెట్ బోర్లించుకుని కూర్చో, కుండకి దూరంగా. తడి చేతులతో రాకు. సీసంలో ఒక్క నీటిబొట్టు పడితే కుండంతా మన మీదికి లేస్తుంది."

మర్నాడు ఆయన షెడ్డు తలుపులు రెండూ బార్లా తీసి పోతపోశాడు. తెట్టు తీసేశాక సీసం అద్దంలా మెరిసింది. గరిటెతో ముంచి అచ్చులో పోసి, పైన గడ్డకట్టేదాకా ఆగి, చెక్కతో ఒక్క దెబ్బ వేసి అచ్చు తెరిస్తే గుండు పాత తువ్వాలు మీద పడేది. మొదటి అయిదారూ ముడతలు పడి వచ్చాయి. వాటిని తిరిగి కుండలో వేస్తూ, "అచ్చు ఇంకా వేడెక్కలేదు. వీటి తప్పేం లేదు పాపం," అన్నాడు. ఆ రోజు ఎంత మాట్లాడాడో! ఏ ఏడు ఏ మలుపులో ఎంత మంచు పడిందీ, లెనోర్ మొదటి దుప్పిని కొట్టి ఎలా ఏడ్చిందీ, అన్నీ. నేను "ఊ" కొడుతూ విన్నాను.

మందు నింపడం మాత్రం ఒక్కడే చేసుకున్నాడు. మందు పోస్తున్నంతసేపూ ఆ గదిలో రెండో మనిషి మాట వినిపించకూడదు. గురువారం తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి పెట్టె నా చేతిలో పెట్టాడు. మూత మీద పెన్సిలుతో "మావిస్‌కి" అని రాసి ఉంది.

శనివారం పొద్దున మైదానంలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆరు పేల్చాను. ఎంత హాయిగా తన్నిందో చెప్పలేను, చంటిపిల్లను భుజాన వేసుకున్నట్టుంది. ఏడోది గొట్టంలో పెట్టి చెంప ఆనించాను. అప్పుడు మట్టిరోడ్డు మీద హారన్ వినిపించింది. ఆగకుండా ఒకే మోత. ఆర్విడ్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చి నా వెనకాల ఆగింది. తలుపు తెరిచే ఉంది, ఇంజన్ ఆపలేదు.

"పేల్చకు! మావిస్, పేల్చకు! తియ్, బయటికి తియ్!"

ఆయన అరవడం నేనెప్పుడూ వినలేదు. వేలు తీసేసి, తుపాకీ తెరిచి, తూటా బయటికి తీశాను. ఆయన దాన్ని నా చేతిలోంచి లాక్కుని పెట్టెలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టాడు. దీంతో కలిపి పద్నాలుగు. "ఆరు పేల్చావా? నీకేం కాలేదు కదా? కళ్లు బాగున్నాయా?"

"నా కళ్లకేం? మీరు కూర్చోండి ముందు."

మందు తూచే త్రాసు వెంట తెచ్చాడు, గాలికి అది నిలవదని ట్రక్కు లోపలికి ఎక్కాం. ఆయన దగ్గర సుత్తిలాంటి పనిముట్టు ఒకటి ఉంది. దాని తలలో తూటా బిగించి చెక్క మీద కొడితే గుండూ మందూ ఊడి దాని పొట్టలో పడతాయి.

"తూకం వేస్తే తెలియదా? అన్నీ ఊడదియ్యాలా?"

"సీసం గుండ్లు ఒక్కోటి ఒక్కో బరువు ఉంటాయి. ఆ తేడాలో మందు దాక్కుంటుంది." కొట్టాడు. మొదటిది సరిగ్గానే ఉంది. రెండోదీ అంతే. కొడుతూనే చెప్పాడు. "బుధవారం మందు పోస్తుంటే సగంలో ఫోన్ మోగింది."

"ఎవరు?"

"ఎవరో పెద్దావిడ. వాళ్ల చెల్లెలికి చేయబోయి నాకు చేసింది. రాంగ్ నంబరని చెప్పాలిగా. వెంటనే చెప్పలేదు. వాళ్లూళ్లో మంచు పడిందట. ఎంత పడిందని అడిగాను. చెప్పింది. అలా ఓ పది నిమిషాలు..." మళ్లీ కొట్టాడు. "పనిలో మధ్యలో లేస్తే పోసిందంతా సీసాలోకి ఒంపేసి మొదటి నుంచి మొదలెట్టాలి. పదహారేళ్ల వయసు నుంచీ అదే చేస్తున్నా. ఆ రోజు మాత్రం వచ్చి, ఎక్కడ ఆపానో గుర్తుందనుకుని అక్కడి నుంచే పోశాను. ఒకదాంట్లో రెండుసార్లు పడిందేమో. పొద్దున గుడ్లు వేపుకుంటుంటే గుర్తొచ్చింది. పెనం పొయ్యి మీదే ఉంది."

"తర్వాత టార్చి వేసి చూశారు కదా?"

"చూశాననే గుర్తు. అదే నా భయం."

తొమ్మిదోది కొట్టినప్పుడు గుండు వెనకాల మందు రాలుతూనే ఉంది. చిన్న గిన్నెలో కుప్ప పడింది. త్రాసు అక్కర్లేకపోయింది, నాకే తెలిసింది. సరిగ్గా రెట్టింపు. తగ్గించి పోసే మందు కనుక డొప్పలో రెండు వంతులకూ చోటు సరిపోయింది. వెండెల్ తుపాకీ పాతది, ఆ దెబ్బకి తట్టుకునేది కాదు. పగిలితే పగిలేది నా చెంప పక్కనే.

ఆయన మిగతా అయిదూ కూడా కొట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు.

"దొరికింది కదా," అన్నాను. "ఇంకో ఇరవై నింపండి. ఈసారి టార్చి నేను పడతాను. 'ఉంది' అని నేనంటాను."

"వద్దు."

"ఎందుకు వద్దు? పొరపాటు ఎవరికి జరగదు?"

"దొరికింది సరే. ఎందుకు దొరికింది? గుడ్లు వేపుతుంటే గుర్తొచ్చింది కాబట్టి. రేపు గుర్తు రాకపోతే?" ఆయన గొంతు మళ్లీ మామూలైపోయింది. "నా పక్కన మనిషిని కూర్చోబెట్టి నా చేతులకి కాపలా కాయించను మావిస్. నీ తూటాలు నువ్వే నింపుకో. నేర్పిస్తా. అంతకన్నా ఏం చెయ్యలేను."

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి తన కోసం నింపుకున్నవి కూడా అరవై ఏడూ విప్పేశాడని తర్వాత తెలిసింది. మందు తోటలో మడి మీద చల్లాడు. మర్నాడు కుండ, అచ్చు, త్రాసు, తూటాలు బిగించే యంత్రం, ఆ టార్చి కూడా ట్రక్కులో వేసుకొచ్చి మా కొట్టంలో దింపాడు. "ఇవి మీవి," అంటే, "వాడేవాళ్లవి," అన్నాడు.

ఆ చలికాలమంతా నేర్పించాడు. మంచి గురువు. అరవడు, పొగడడు. సీసం మరీ వేడెక్కి గుండ్ల మీద తెల్లటి పొర వస్తే, "పొయ్యి తగ్గించు," అనేవాడు, అంతే. మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి బయట మంచులో నిలబడేవాడు, నేను తలుపు తీసేదాకా. లోపల నేనొక్కదాన్నే టార్చి వేసుకుని "ఉంది, ఉంది" అని పైకే అనుకుంటూ చూసుకునేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

మార్చిలో ఓ రోజు ఆయన తుపాకీకి సరిపోయేలా ఇరవై నింపి తీసుకెళ్లాను. ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. గుండు చుట్టూ బిగించి మడిచిన డొప్ప అంచు వేలితో తడిమాడు.

"బాగా మడిచావు."

"పేల్చండి మరి."

"వద్దులే." పెట్టెలో తిరిగి సర్దేసి, మూత పెట్టి, నాకిచ్చాడు. మళ్లీ అడగలేదు నేను. అడిగితే ఇంకోసారి కాదనాల్సి వచ్చేది ఆయనకి.

ఇప్పుడు శనివారాలు ఇద్దరం ఒకే ట్రక్కులో వెళ్తాం. ఆయన తన తుపాకీ తేడు. మూడు కాళ్ల దుర్బిణి ఒకటి తెచ్చుకుని నా పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. నేను పేలిస్తే చూసి చెబుతాడు. "రెండంగుళాలు ఎడమకి." "కింద." "ఆఁ, అది నడిమిన పడింది." అయిదు పేల్చాక గొట్టం చల్లారాలని ఆగుతాను. కాఫీ పోసి పక్కన పెడతాను. ఆయన కన్ను దుర్బిణి మీంచి తీయడు. వంద గజాల దూరంలో అప్పుడు ఎవరూ కొట్టని గురి కాగితం గాలికి కొంచెం కొంచెం కదులుతుంటుంది. ఆయన దాన్నే చూస్తూ ఉంటాడు.