హర్య మేకుకు తగిలించిన పంపు

నా పిల్లల మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కల్పించలేదు. నవ్వాలనిపిస్తే చివర్లో నవ్వండి.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. కార్మికులు పీల్చే గాలిలో దుమ్మెంతుందో కొలవడం నా ఉద్యోగం. చిన్న పంపు గాలిని లాగుతుంది, దుమ్ము తెల్ల కాగితం మీద పడుతుంది, దాన్ని తూస్తాం. అంతే. జనగామ దగ్గర పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లుకు పగటిపూట రెండుసార్లు వెళ్లాను. నేను వచ్చేలోపే సేటు దుమ్ము లేవకుండా నేలంతా తడిపించేవాడు. కాగితం పెళ్లికొడుకు పంచెలా తెల్లగా ఉండేది.

అక్కడ పనిచేసే తండా మనిషి సోమ్లి నన్ను గేటు బయట ఆపింది. ఆమె భర్త హర్య పదేళ్లు ఆ మిల్లులోనే మిషన్లో పత్తి పోశాడు. ఇప్పుడు వరంగల్ దవాఖానలో దగ్గుతూ పడి ఉన్నాడు. బీడీల వల్లేనంటాడు సేటు. జబ్బు దుమ్ము వల్లేనని రుజువైతే వైద్యం ఖర్చు మిల్లుదే.

"రాత్రి షిఫ్టుకు రా సారూ. గప్పుడు నీళ్లు సల్లరు" అంది.

వెళ్లాను. కూలీల మెడలకు పంపులు తగిలించాను. ఒకటి మిగిలింది. హర్య తువ్వాల వేసుకునే మేకుకు పెట్టమంది సోమ్లి. పెట్టాను. తెల్లారితే బంద్... పన్నెండుకే మిషన్లు ఆపేసి సోమ్లి తప్ప అందరూ వెళ్లిపోయారు. షిఫ్టు మొదలై గంట కూడా కాలేదు. కాగితాల మీద దుమ్ము చాలలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మేకు మీది పంపు కోసం టార్చి పట్టుకుని లోపలికి నడిచాను. చీకటి... నా చెప్పుల చప్పుడు... అప్పుడు వినిపించింది. గుర్ర్... ఆగింది. గుర్ర్... ఆగింది. పంపు అలా ఆగి ఆగి నడవదు. మనిషి ఊపిరి తీసినట్టు... ఆ తర్వాత దగ్గు. పొడి దగ్గు. రెండుసార్లు.

సోమ్లి అనుకున్నాను. తిరిగి చూస్తే ఆమె నా వెనకే ఉంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.

"గది మా ఆయన దగ్గు సారూ..."

మేకు మీద వెలుతురు వేశాను. హాలంతా దుమ్ము అణిగిపోయింది. ఆ మేకు కింద మాత్రం... గిరగిరా తిరుగుతోంది. పంపు తీశాను. స్విచ్చి వేసి లేదు. కంగారులో నేను వేయడమే మరిచాను. కానీ కాగితం మీద... గోరు మందాన దుమ్ము.

గేటు దగ్గరికి పరుగెత్తి దవాఖానలో హర్యకు తోడున్నవాళ్ల సెల్లుకు ఫోన్ చేశాం. హర్య తమ్ముడు ఎత్తాడు.

"అన్న పొద్దుగూకిన సంది ఒక్కపారి సుత దగ్గలే వదినె. మంచిగ పండుకుండు."

ఆ కాగితం తూచి పై ఆఫీసుకు పంపాను. మిల్లు వైద్యం ఖర్చు కట్టింది, దుమ్ము లాగే ఫ్యాన్లు కూడా బిగించింది. రిపోర్టులో, ఎవరు పీల్చే గాలి అని ఒక గడి ఉంటుంది. అందులో హర్య అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం రాశానా... నిజమే రాశానా... మీరే చెప్పండి.