బండి వెనక సగం వెళ్లే ఊరు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడడానికి అర నిమిషం కూడా పట్టలేదు. దానివల్ల ఒక తల్లి తన బిడ్డను పూడ్చిన చోటు చూడకుండానే వెళ్లిపోయింది. నేనామెను చెయ్యి పట్టుకుని ఆపలేదు. రైళ్లు లేవని చెప్పాను. అంతే.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకైతే చెప్పలేను. నా భార్యకే ఇప్పటిదాకా చెప్పలేదు. అందుకని మీకు చెబుతున్నాను. నన్ను ఓదార్చమని కాదు, మధ్యలో లేచి వెళ్లకుండా వింటే చాలు.

మాది ఇంగ్లండులో, లండన్‌కు దగ్గరున్న బ్రాక్‌నెల్. ఇక్కడి తెలుగువాళ్లలో నాకొక పేరుంది. నలుగురం కలిసి ఎక్కడికి వెళ్లాలన్నా ప్లాను నాదే. ఏ రైలు, ఏ ప్లాట్‌ఫాం, పులిహోర డబ్బా ఎక్కడ విప్పాలి, టాయిలెట్ ఎక్కడుంది, అన్నీ అచ్చు వేసి తలా ఒక కాగితం ఇస్తాను. అది చేతికొచ్చాక ఇక ఎవరూ ఫోన్ తీసి చూసుకోరు. మావాళ్ల పద్ధతే అంత, ఒకడికి అప్పజెప్పాక వాడి మాటే మాట. ఆ నమ్మకం నాకెంత ఇష్టమో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఆరేళ్ల కిందట వేసవిలో జర్మనీలోని మ్యూనిక్ వెళ్లాం. అక్కడ నాలుగు రోజులకు ఒక ఫ్లాట్ తీసుకుని, రోజూ పొద్దున రైలెక్కి చుట్టుపక్కల ఒక ఊరు చూసి సాయంత్రానికి తిరిగి రావాలని నా ప్లాను. ఐదుగురికి కలిపి ఒకే టికెట్ ఉంటుంది. తొమ్మిది దాటాక, నెమ్మదిగా వెళ్లే బళ్లలో ఆ రోజంతా ఎక్కడికైనా తిరగొచ్చు. నేనూ నా భార్యా, నా ఆఫీసు స్నేహితుడూ అతని భార్యా కలిస్తే నలుగురం. ఐదో మనిషి సుగుణ ఆంటీ.

ఆంటీవాళ్లది వరంగల్. అంకుల్ ఇంజనీరు, ఉద్యోగం మీద వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయారు. మేం ఈ దేశానికొచ్చిన కొత్తలో మా పేట డాక్టరు క్లినిక్‌లో పేర్లు రాయించడం దగ్గర్నుంచి పప్పులు ఎక్కడ దొరుకుతాయో చూపించడం దాకా అన్నీ ఆవిడే చూసుకున్నారు. నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. బిడ్డా అనేవారు.

ప్రయాణానికి రెండు నెలల ముందు, ఎవరింట్లోనో వ్రతం భోజనాలప్పుడు నన్ను పక్కకు పిలిచారు. మ్యూనిక్ దగ్గర ఒక చిన్న ఊరుందట. పెళ్లయిన కొత్తలో అంకుల్‌ను కంపెనీ ట్రెయినింగుకు పంపితే ఏడాది అక్కడే ఉన్నారట. ఒక్క గంట ఆ ఊళ్లో దిగితే చాలన్నారు. ఊరి పేరు తెలుగులో రాసిన చీటీ నా చేతిలో పెట్టారు. తప్పకుండా ఆంటీ అన్నాను. చీటీ పర్సులో పెట్టుకున్నాను. మరిచిపోయాను.

మరిచిపోవడం తప్పు కాదంటారేమో. కాదనే నేనూ అనుకుంటాను. తప్పు ఆ తర్వాత చేశాను.

మ్యూనిక్‌లో దిగిన రోజు సామాను కొంటున్నప్పుడు ఆంటీ చిన్న పాల డబ్బా ఒకటి విడిగా కొన్నారు. మనందరికీ తీసుకున్నాం కదా అని నా భార్య అంటే, ఇది వేరే అన్నారు. ఫ్రిజ్ తలుపులో ఒక మూలన పెట్టుకున్నారు. పెద్దవాళ్ల అలవాటేదో అనుకున్నాం.

రెండు రోజులు నా కాగితం ప్రకారం నిమిషం తేడా లేకుండా గడిచాయి. మూడో రోజు సాయంత్రం నేను సోఫాలో కూర్చుని మర్నాటి బళ్లు చూసుకుంటున్నాను. మర్నాడే ఆఖరి రోజు. ఒక సరస్సు, అందులో పడవ, దాని ఒడ్డున భోజనం. ఆంటీ వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"రేపు మా ఊరికేనా బిడ్డా?"

అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోన్‌లో ఆ ఊరు కొట్టాను. గంటకో బండి ఉంది. గంటన్నర కూడా పట్టదు. మా టికెట్టే చెల్లుతుంది. అన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి.

"లేదు ఆంటీ. ఆ లైన్ మూసేశారు. పట్టాల పని జరుగుతోంది. బదులుగా బస్సులు వేశారు, అవి రెండు మారాలి. మీ మోకాళ్లతో కష్టం."

"ఈ వారమంతనా?"

"ఈ వారమంతా."

ఆవిడ కొంచెం నవ్వారు. "గట్లనా. ఈడ గూడ మన లండన్ తీరే ఉన్నది. పోనీ తియ్యి. నువ్వేం జేస్తవ్."

ఇంగ్లండులో ఉన్నవాళ్లకు పట్టాల పని అని చెబితే రెండో ప్రశ్న ఉండదు. ఎన్ని ఆదివారాలు స్టేషన్ బయట ఆ బస్సు కోసం వానలో నిలబడి ఉంటాం? ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ అబద్ధాన్ని ఎంచుకున్నాను. నోరు జారి అన్న మాట కాదు.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో లెక్కలేదు. పడవ టికెట్లు ముందే కొన్నందుకా? వాటిని వదులుకున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ముగ్గుర్నీ సరస్సుకు పంపి నేనొక్కణ్ణే ఆంటీని తీసుకెళ్లినా సరిపోయేది. ఎంత తవ్వినా చివరికి ఒకటే దొరుకుతోంది. మరిచిపోయాను ఆంటీ అనే మాట నా నోట రాలేదు. ఏదీ మరిచిపోనివాడని నాకున్న పేరు అందరి ముందూ పోతుందని భయం. అంత చిన్న కారణం. పెద్ద కారణమేదైనా ఉండి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆ ఊళ్లో ఏముందో నాకప్పుడు తెలియదు. ఈ మాట ఇక్కడ చెప్పి కొంత తప్పించుకోవాలని ఉంది. కానీ అడగలేదు కాబట్టే తెలియలేదు.

ఇంకా ఉంది. ఆ సాయంత్రమే ఫోన్‌లో మరొకటి చూశాను. సరస్సుకు వెళ్లే బండీ, ఆ ఊరికి వెళ్లే బండీ ఒకటే. మధ్యలో ఒక జంక్షన్‌లో రెండుగా విడిపోతుంది. ముందు సగం సరస్సుకు, వెనక సగం ఆ ఊరికి. మర్నాడు ప్లాట్‌ఫాం మీదకు రాగానే మా ఎదురుగా ఉన్నవి ఆ వెనక పెట్టెలే. తలుపులు తెరిచే ఉన్నాయి. వాటిమీద ఊరి పేరు ఆంటీ కంట పడకుండా, సీట్లు ముందు బాగుంటాయని అందర్నీ తొందరపెట్టి ఆ చివరిదాకా నడిపించాను. ఆవిడ మోకాళ్ల గురించి ముందు రోజు అంత బెంగ పడినవాణ్ణి, అంత దూరం నడిపించాను. నా చెయ్యి పట్టుకునే నడిచారు.

జంక్షన్‌లో బండి ఆగింది. మైకులో జర్మన్‌లో ఏదో చెప్పారు.

"ఏమంటున్నడు బిడ్డా?"

"కాసేపు ఆగుతుందట ఆంటీ."

చిన్న కుదుపు వచ్చింది. మా పెట్టెలు కదిలాయి. పట్టా వంపు తిరుగుతుంటే కిటికీలోంచి వెనక సగం కనపడింది. ఇంకా ప్లాట్‌ఫాం మీదే ఉంది. దాని ముందు భాగంలో ఆ ఊరి పేరు పెద్ద అక్షరాలతో వెలుగుతోంది. ఆంటీ అటే చూస్తున్నారు. కళ్లజోడు బ్యాగులో ఉంది. ఆ కళ్లజోడు బ్యాగులో ఉందనే ఒక్క ధైర్యంతో ఇన్నేళ్లు బతికాను. చదవగలిగారా? చదివి ఊరుకున్నారా? దిగేదాకా ఆవిడ కిటికీవైపే తిరిగి కూర్చున్నారు. పడవలో మాత్రం నా భార్యతో ఫొటో దిగారు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున ఫ్రిజ్ ఖాళీ చేస్తుంటే ఆంటీ ఆ పాల డబ్బా తీసి టేబుల్ మీద పెట్టారు. ఇక దీంతో పనిలేదు, చాయ్ పెట్టుకోండ్రి, పాడైపోతయి అన్నారు. నేనే టీ పెట్టాను. రెండు కప్పులు తాగాను.

బ్రాక్‌నెల్ వచ్చాక ఆవిడ ఎవరు కలిసినా నా గురించి గొప్పగా చెప్పేవారు. బిడ్డ మమ్మల్ని పూలల్లో పెట్టి తిప్పిండని. నేను తల వంచుకుంటే అణకువ అనుకునేవాళ్లు. రెండేళ్ల తర్వాత చలికాలంలో జబ్బు చేసి పోయారు. అప్పటికి నాకు ఆ అబద్ధం ఒక చిన్న మరక మాత్రమే. అప్పుడప్పుడూ గుర్తొచ్చేది, తోసేసేవాణ్ణి.

పోయిన నెల అంకుల్ మా ఇంటికొచ్చారు. నా భార్య ఇంట్లో లేదు. టీ ఇస్తే తాగకుండా చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తర్వాత ఆగి ఆగి చెప్పారు.

"మాకు ముందుగాల ఒక కొడుకు పుట్టిండు బిడ్డా, ఆ జర్మనీ ఊర్లనే. పదకొండు దినాలు బతికిండు. చిన్నపిల్లలను కాల్చరు గద, ఆడనే పెట్టి వచ్చినం. మల్ల ఇంట్ల ఆ ఊరి పేరెత్తలేదు. ఎనుక పుట్టిన మా బిడ్డకు గూడ ఎరుక లేదు. ఇన్నేళ్లకు మీ ఆంటీ వోయొస్తా అన్నది. నాకు ధైర్యం సాలలేదు. రాయి ఉంటదో లేదో, ఆ జాగ జూసి ఇన్ని పాలు పోసి రా అని పంపిన. పట్టాలు మూసిండ్రని మర్లొచ్చింది. ఆడున్న పిలగాడే రావద్దంటున్నడు, ఇంక నేను వోను అన్నది. మల్లెన్నడు అడగలె."

ఆయన నా ముఖం చూసి, నువ్వేం జేస్తవ్ బిడ్డా, రాసిపెట్టి లేదు అన్నారు. ఆంటీ అన్న మాటే. నేను నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. ఆయన ఎందుకొచ్చారో చెప్పారు. తనకు ఎనభై దగ్గర పడుతోందట. ఒక్కసారి వెళ్లొస్తారట. కూతురు ఎడిన్‌బర్గ్‌లో ఉంది, ఆమెకు చెప్పలేరు. అక్కడి రైళ్లు తెలిసినవాణ్ణి నేనే. "ఆ లైన్ ఇప్పుడన్న తెరిచిండ్రా? జర జూసి కాగితం రాసియ్యి."

చూస్తానన్నాను. మూడు వారాలు రాయలేదు. ఆయన ఫోన్ చేస్తే ఇంకా చూస్తున్నానన్నాను. అది కూడా అబద్ధమే. అన్నీ మొదటి రోజే చూశాను. గంటకో బండి, అదే ప్లాట్‌ఫాం, అదే జంక్షన్.

ఆయన వెళ్లి ఆ బండెక్కితే జంక్షన్‌లో ఆయనకే అంతా అర్థమవుతుందని ఒక ఆలోచన. ఆంటీ తెచ్చిన పడవ ఫొటోలో సరస్సు పేరుంది, అదే పేరు ముందు పెట్టెల మీద కనపడుతుంది. నేను చెప్పక్కర్లేదు. అంటే ఆ ముసలాయన్ని ఒక్కడినే పరాయి దేశంలో, కొడుకు దగ్గరికి వెళ్తున్న దారిలో, ఆ సంగతి తనంతట తాను కనుక్కోనివ్వడం. రెండు రోజులు ఈ ఆలోచన నాకు నచ్చింది కూడా. నా మీద నాకే అసహ్యం వేసింది ఆ తర్వాతే.

ఈ పొద్దున రాశాను. ఈసారి అచ్చు వేయలేదు, చేత్తోనే పెద్ద అక్షరాలతో రాశాను. విమానాశ్రయం నుంచి ఏ రైలు, ఎక్కడ మారాలి, పాలు ఏ కొట్లో దొరుకుతాయి, కూర్చోవడానికి బెంచీలు ఎక్కడున్నాయి. చివర్న ఇలా రాశాను: "బండి జంక్షన్‌లో రెండుగా విడిపోతుంది. మీరు వెనక సగంలో కూర్చోండి, ప్లాట్‌ఫాం మీదకు రాగానే ఆ పెట్టెలే ఉంటాయి, నడవక్కర్లేదు. ఆ లైన్ అప్పుడు మూయలేదు అంకుల్. నేను అబద్ధం చెప్పాను. ఆంటీ అడిగిన సంగతి మరిచిపోయి, ఆ మాట ఒప్పుకోలేక చెప్పాను. ఆ రోజు మేం ఎక్కింది ఈ బండే. ఆంటీని ముందు సగంలో కూర్చోబెట్టింది నేనే."

నడుచుకుంటూ వెళ్లి వాళ్ల తలుపుకున్న ఉత్తరాల సందులోంచి కవరు లోపలికి వేశాను. బెల్ కొట్టి చేతికిచ్చే ధైర్యం లేకపోయింది. లోపల టీవీ వినపడుతోంది. ఆయన ఇంట్లోనే ఉన్నారు.

ఇంటికొచ్చి మీకిది రాస్తున్నాను. ఫోన్ ఎదురుగా ఉంది, ఇంకా మోగలేదు. ఆయన క్షమిస్తారని నేననుకోవడం లేదు. క్షమించాల్సిన మనిషి ఆయన కూడా కాదు. నా కాగితం పట్టుకుని వెళ్తారో, చింపేస్తారో తెలియదు. ఆ కాగితంలో మాత్రం రైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను.