కెమెరా కంటికి బొట్టు

మాది కోరుట్ల. నేను బట్టలు కుడుత. తీరిక దొరికితే గోదావరి ఒడ్డుకు పోయి కొంగల ఫొటోలు తీస్త. సముద్రం మీద పొద్దుపొడుపు ఒక్కసారన్న తియ్యాలని ఎన్నేండ్ల కోరికో.

పోయిన దసరాకు కుట్టుమిషన్ పక్కన కెమెరాను సుత పూజకు పెట్టిన. లెన్స్ విడదీసి, దేని మూత దానికి పెట్టిన. పూజ అమ్మ చేసింది. తెల్లారి బాపట్లకు బయలెల్లిన.

సూర్యలంక బీచ్‌ల ట్రైపాడ్ నిలబెట్టి, మసక చీకట్లనే లెన్స్ బిగించి తెర చూస్తే, సముద్రం నడుమ నల్లటి మచ్చ! లెన్స్ ఎంత తుడిచినా పోలే. విప్పి చూస్తే, లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద గుండ్రంగ కుంకుమ బొట్టు.

దాన్ని వేలుతోని ముట్టుకుంటే గీతలు వడ్తయి. తుడిచే సామాను నా దగ్గర లేదు. సూర్యుడేమో నా కండ్ల ముందటనే ఎర్రగ లేస్తున్నడు. ఇసుకల కూలవడ్డ.

మండిపోయి అమ్మకు ఫోన్ చేసిన. "కెమెరా మూత తీసినవా?"

"తీసిన బిడ్డా. మిషన్‌కు వెట్టి దానికి వెట్టకుంటె ఎట్ల? లోపల కన్ను లెక్క మెరుస్తుంటె, దిష్టి తగులొద్దని గా కన్నుకే వెట్టిన. సముద్రం మంచిగ వడ్తుందా?"

ఆ బొట్టును మల్లొకసారి చూసిన. "ఆఁ, వడ్తుంది" అన్న. మచ్చతోనే ఒక్క ఫొటో తీసిన.

ఇప్పుడది మా గోడ మీదున్నది. మొన్న అమ్మ దాని దగ్గరికి పోయి చూసి, "నడుమ గా నల్లటిదేంది బిడ్డా?" అని అడిగింది.

"మబ్బమ్మా" అన్న.