విమానం కంటే ముందు

దెయ్యాలూ ఆత్మలూ నమ్మే మనిషిని కాను నేను. రామచంద్రపురంలో ఇరవయ్యేళ్ళు లెక్కలు చెప్పాను. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది. అంతకు మించి ఎవరైనా ఏదైనా చెప్పబోతే "చాల్లే సంబడం" అనేదాన్ని.

రాజమండ్రి పక్కనున్న మధురపూడి నుంచి హైదరాబాదుకు విమానాలు మళ్ళీ మొదలైన కొత్తలో జరిగిందిది. అమ్మ పోయాక నన్నూ చెల్లినీ పెంచిన మా మేనత్త హైదరాబాదులో ఆస్పత్రిలో ఉంది. ఒకరోజు తెల్లవారుతూనే ఆవిడ కొడుకు, మా బావ, ఫోన్ చేశాడు. ఇవాళ గడవడం కష్టమన్నారట డాక్టర్లు.

రాజమండ్రిలో ఉన్న చెల్లికి మధ్యాహ్నం విమానంలో ఒక్క సీటు దొరికింది. "నాకు గంటేనక్కా. నువ్వు పొద్దుటి రైలుకి వచ్చెయ్యి," అంది. దానికి గంట. నాకు ఎనిమిది గంటలు.

ఒళ్ళు మండిపోయింది. అత్తయ్యకు మొదటినుంచీ చెల్లంటేనే ప్రాణం. అది "బంగారం", నేను "పెద్దదానా". ఆఖరి చూపు కూడా దానికేనా అని రైల్లో కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. పిల్లలకిచ్చే లెక్కలాగా వేసుకున్నాను కూడా. నాలుగు గంటలు ముందు బయల్దేరిన నేను, విమానం దిగి ఊళ్ళోకి రావడానికి దానికి పట్టే టైము కలుపుకున్నా, దానికంటే రెండు గంటలు పైనే వెనక చేరతాను. ఎన్నిసార్లు వేసినా అదే జవాబు.

నాకంటూ ఉన్నది ఒక్కటే. అత్తయ్యకు ఇష్టమైన నాలుగు పాయల జడ వేయడం మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. చెల్లి ఎన్నిసార్లు అడిగినా నేర్పలేదు. కుళ్ళంటారా, కుళ్ళే.

ఖమ్మం దాటాక కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి రెండు చేతులకీ జిడ్డు. మందార నూనె వాసన, అత్తయ్య ఇంట్లో కాచుకునేది. నా సంచిలో నూనె సీసా లేదు. టైము చూస్తే రెండున్నర. పక్కావిడ సామాన్లోంచి కారిందేమో అనుకుని కొంగుకు తుడుచుకున్నాను.

ఆరింటికి ఆస్పత్రికి చేరేసరికి అత్తయ్య లేదు. నాలుగింటికి పోయిందట. చెల్లి మూడున్నరకి వచ్చింది.

నన్ను చూసి ఏడుస్తూ ఎదురొస్తుందనుకున్నాను. కోపంగా చూసింది. "ఇందాక వచ్చి, మళ్ళీ ఎక్కడికెళ్ళిపోయావక్కా?" అంది.

దాన్ని చూసి అత్తయ్య పలికింది ఒక్కటే మాటట. "పెద్దది వచ్చి జడేసిందే, చాలు." బంగారం అనలేదు. బావ రెండింటికి మందుల కోసం కిందికి వెళ్ళినప్పుడు జుట్టు దిండు మీద చెదిరి ఉందట. మూడింటికి వచ్చేసరికి జడ ఉంది. నర్సులు మేం వేయలేదండీ అన్నారు.

దుప్పటి తీసి నేనే చూశాను. నాలుగు పాయలు. నాది ఎడమచేతి వాటం, నేనల్లితే మొదటి మెలిక ఎడమ నుంచి పడుతుంది. అలాగే పడింది.

ఆ రైలు టికెట్టు ఇప్పటికీ నా దగ్గరుంది. రెండున్నరకు నేను ఖమ్మానికీ వరంగల్లుకీ మధ్య ఉన్నాను. ఏ లెక్కలో వేసినా జవాబు రావడం లేదు.

"విమానమెక్కి కూడా రెండోదాన్నే అయ్యాను," అని చెల్లి ఈనాటికీ దెప్పుతుంది. నాకు దాని మీద అసూయ ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా కుళ్ళంతా నా రూపంలో ఆ వచ్చినదాని మీదే. అత్తయ్య కళ్ళు తెరిచి చూసింది దాన్నే. తల వంచి జడ వేయించుకుంది దాని చేతనే. నాకు మిగిలింది చేతుల జిడ్డు, అదీ తుడిచేసుకున్నాను.