ఎడమ కార్నర్ యేసుపాదం అన్నయ్య

మొన్న గాజువాక వెళ్ళే సిటీ బస్సులో ఒకాయన వచ్చి నా ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చోగానే గుప్పుమని వాసన. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి, నీలగిరి తైలం చుక్కలు కలిపిన వాసన. నా ఒళ్ళో కూరల సంచి ఉంది. నా చేతులు ఆ సంచిని వదిలేసి గాలిలో ఏదో చుట్టడం మొదలుపెట్టాయి. రెండు వేళ్ళ మధ్య గుడ్డపేలిక పట్టుకున్నట్టు ఒక చుట్టు, రెండు చుట్లు. పక్కనున్న ఆవిడ నన్ను అదోలా చూసింది. పదేళ్ళకు పైగా యేసుపాదం అన్నయ్య వేళ్ళకి కట్టు కట్టిన చేతులివి. నేను మర్చిపోయినా అవి మర్చిపోవు.

మీలో ఎవరికీ అతను తెలిసుండడు. పేపర్లో అతని పేరు ఎప్పుడూ పడలేదు. మా ఆయన పనిచేసిన కంపెనీ కబడ్డీ జట్టులో పద్దెనిమిదేళ్ళు ఎడమ కార్నర్‌లో నిలబడ్డాడు. పేరు పడింది మా ఆయనది, అప్పలరాజుది. మా ఆయన కూతకు వెళ్ళేవాడు. గీత దాటి, గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూ అవతలివాళ్ళని తాకి, చేతిలోంచి జారిన చేపలా వెనక్కి వచ్చేసేవాడు. చూసేవాళ్ళు ఈలలు వేసేవారు. కార్నర్‌వాడి పని అది కాదు. అవతలి జట్టువాడు కూతకు వచ్చినప్పుడు మనవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా నిలబడతారు. ఆ వరస చివరివాడు కిందికి వంగి, వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని వదలకుండా ఉండాలి. మీద నలుగురు పడతారు, మొహానికి మోకాళ్ళు తగులుతాయి, వేళ్ళు విరుగుతాయి. లేచి దుమ్ము దులుపుకునేసరికి చప్పట్లు ఇంకెవరికో వెళ్ళిపోయి ఉంటాయి.

ఒకసారి కప్పు గెలిచినప్పుడు మా ఆయన ఫొటో పేపర్లో వేశారు. దాని అంచున ఎవరిదో మోచెయ్యి కనబడుతుంది, అంతే. ఆ కాగితం కత్తిరించి యేసుపాదం తన ఇంట్లో గోడకి అంటించుకున్నాడు. ఎవరైనా వస్తే చూపించి, “ఈ మోసెయ్యి నాదే” అనేవాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే సంతోషంగా అనేవాడు.

అతని పేరుతో మా ఆయనకి రోజూ ఆటే. “దేముడి పాదం అట్టుకోమని నీకు పేరెడితే, నువ్వేటి బావా, ఊళ్ళో పాదాలన్నీ అట్టుకుంటన్నావు?”

“దేముడు కూతకి రాడు కదరా. వొచ్చినోడి పాదం అట్టుకుంటన్నాను.”

ఎదుటివాళ్ళు నవ్వేదాకా ఆగి అప్పుడు తను నవ్వేవాడు. మా ఆయన బావా అనేవాడు గనక నాకు అన్నయ్య అయ్యాడు. మాది సముద్రం మీద వేటకి వెళ్ళే జాలర్ల కుటుంబం, వాళ్ళు క్రైస్తవులు. కంపెనీ క్వార్టర్లలో గోడకి గోడ.

తొంభైల మొదట్లో, పెళ్ళయి వచ్చిన నెలకి మొదటిసారి ఆట చూడ్డానికి వెళ్ళాను. కూతకు వెళ్ళిన మా ఆయన్ని అవతల ఐదుగురు మీదపడి అణిచేశారు. వెనకనుంచి ఎవరో “అప్పలరాజు సచ్చిపోనాడు” అని అరిచారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా ఆయన లేచి, దులుపుకుని, గీత బయట కూర్చున్నాడు. అయినా నాకు ఏడుపు ఆగలేదు. ఆట మధ్యలో విరామం ఇచ్చినప్పుడు నల్లగా, పొట్టిగా, మెడ లేనట్టుండే మనిషి ఒకడు చెమటలు కారుతూ నా దగ్గరికి వచ్చాడు.

“ఎందుకేడుత్తన్నావు సెల్లెమ్మా?”

“సచ్చిపోనాడంటన్నారు.”

“ఈ ఆటలో అవుటైనోణ్ణి అలాగే అంటారు. సచ్చినోడు ఎక్కడికీ పోడు, గీత పక్కన కూకుంటాడు. నాను ఆల్లోణ్ణి ఒకణ్ణి అట్టుకున్నాననుకో, మనోడు బతికి లోపలికొచ్చెత్తాడు. సూత్తా ఉండు.”

విరామం అయ్యాక మొదటి కూతకే పట్టుకున్నాడు. “అప్పలరాజు బతికాడు” అన్నారు. మా ఆయన లేచి లోపలికి నడిచాడు. ఆ రోజునుంచి నాకు ఆ మనిషి మీద గురి.

వాళ్ళావిడ, మా వదిన, ఆసుపత్రిలో ఆయా. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయేది. అందుకని ఆటకు ముందు మా ఆయన మోకాలికి నూనె రాసిన చేత్తోనే అన్నయ్య వేళ్ళకి కట్టు నేనే కట్టేదాన్ని. పాత నేతచీర చింపిన పేలికలు. అతని వేళ్ళలో ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు, అల్లం కొమ్ముల్లా ఉండేవి. మొదట్లో భయపడి బిగించి కట్టేసేదాన్ని. “అంత బిగిత్తే కర్రముక్క అయిపోద్ది సెల్లెమ్మా. ఏలు కదలాల. కదలని ఏలు దేన్నీ అట్టుకోలేదు” అనేవాడు. కడుతున్నంతసేపూ ఆట చెప్పేవాడు. “కూతకొచ్చినోడి కళ్ళు సూడకు. కళ్ళు అటు సూత్తాయి, ఒళ్ళు ఇటెల్తాది. పాదం సూడు. పాదానికి అబద్దమాడ్డం రాదు.” ఇవన్నీ నాకెందుకు అనుకునేదాన్ని. నేను చదువు రానిదాన్ని, సంతకం కూడా వంకరగా పెడతాను. ఆ ఒక్క చదువు మాత్రం నాకు తెలియకుండానే ఎక్కింది.

మా ఆయన ఆటలో పోలేదు. వానాకాలం జ్వరం వచ్చింది, తలకెక్కింది, నాలుగో రోజుకి పోయాడు. ముప్ఫై దాటలేదు. మా అబ్బాయికి నాలుగేళ్ళు. వాకిట్లో పడుకోబెట్టారు, జట్టంతా వచ్చింది. అన్నయ్య వచ్చి మా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని రెండు చీలమండలూ పట్టుకున్నాడు. ఊరికే ముట్టుకోవడం కాదు, ఆటలో పట్టుకున్నట్టే. ఎత్తడానికి వచ్చినవాళ్ళు వదలమన్నారు. వదల్లేదు. చివరికి కోచ్‌గారు వచ్చి వీపు మీద రెండుసార్లు తట్టారు. ఆటలో విజిల్ వినబడనంత గోలగా ఉన్నప్పుడు, ఇక చాలు వదులు అని చెప్పడానికి ఆయన అలాగే తట్టేవారు. అప్పుడు వదిలాడు. నా వైపు చూడకుండా, “ఈపాలి నా వల్ల అవ్వలేదు సెల్లెమ్మా” అన్నాడు.

ఆరునెలలు నేను గడప దాటలేదు. కంపెనీ గ్రౌండులో పని ఇస్తామన్నారు, వద్దన్నాను. ఒక సాయంత్రం అన్నయ్య వచ్చి మా మెట్టు మీద కూర్చున్నాడు. ఓదార్పు మాట ఒక్కటి లేదు. ప్యాంటు పైకి మడిచి మోకాళ్ళు చూపించాడు. రెండూ చీరుకుపోయి ఉన్నాయి.

“గ్రౌండులో మట్టి రాళ్ళురాళ్ళుగా ఉన్నాది. జల్లెడ పట్టేవోళ్ళు నేరు. ఆపీసులో నీ పేరు సెప్పేసొచ్చాను.”

మా అత్త లోపలినుంచి అందుకుంది. “మొగుడాడిన మట్టిని అది జల్లెడ పట్టాలా? నోకమేటనుకుంటాది?”

“పోతన్నవి నోకం మోకాళ్ళు కాదత్తా, నావి.”

నాకు నవ్వు వచ్చింది. ఆరునెలల తరవాత మొదటి నవ్వు. మర్నాడు పనిలోకి వెళ్ళాను. మట్టి జల్లెడ పట్టడం, గులకరాళ్ళు ఏరడం, నీళ్ళు చల్లి తొక్కడం, సున్నంతో గీతలు గీయడం. అదే నా బతుకైంది, మా అబ్బాయి చదువైంది. మొదటివారం, మా ఆయన అవుటై కూర్చునే చోటికి వచ్చేసరికి గీత వంకర పోయింది. అన్నయ్య చూశాడు. “ఉంచెయ్. ఈ వంకర సూసి ఆల్లోడు తడబడతాడు” అన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటింది, అతనికి నలభై దగ్గరపడింది. తోటివాళ్ళంతా ఎప్పుడో ఆట మానేశారు. ఆ ఏడు జట్టు ఎంపిక జరిగే రోజు పొద్దున్నే, పేలికలు పట్టుకుని గ్రౌండులో నా దగ్గరికి వచ్చాడు. ఎడమచేతి చివరి రెండు వేళ్ళు ముడుచుకోవడం మానేసి చాలాకాలమైంది. ఆ సంగతి నాకే తెలుసు.

“ఈ రెండూ పక్కదానికి కలిపి కట్టెయ్. కోచ్ కంట పడకూడదు. ఇంకొక్క ఏడు ఆడతాను.”

నేను చూస్తున్నది వేళ్ళని కాదు. అతను గేటునుంచి నడిచివచ్చిన దారిని. తడిమట్టి మీద కుడిపాదం ముద్ర నిండుగా పడింది. ఎడమపాదానిది మునివేళ్ళ ముద్రే ఉంది, మడమ లేదు. మోకాలు పోయింది. ఇంకొక్కడు దాని మీద పడితే ఈ మనిషి మళ్ళీ నడవడు.

“కట్టను అన్నయ్యా.”

“ఏటీ?”

“నీ మడం ఆనటం నేదు. నాను సూశాను.”

అతని మొహం మారిపోయింది. “నీ మొగుణ్ణి అన్నిపాల్లు బతికించినోణ్ణి. నన్ను గీత బయట కూకోబెడతావా?”

ఆ మాట ఇప్పటికీ తగులుతుంది. ఈ ఒక్క మనిషి నాకు దూరమైతే అన్నా అని పిలవడానికి ఆ క్వార్టర్లలో ఇంకెవరూ లేరు. అయినా పేలికలు లాక్కుని బొడ్లో దోపుకున్నాను.

“గీత బయట కూకున్నోడు ఎక్కడికీ పోడని సెప్పింది నువ్వే కదా.”

అతను వెనక్కి తిరిగాడు. తన ముద్రల వైపు చూశాడు. వంగి గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్యనుంచి జార్చాడు. “ఇంత మెత్తగా జల్లెడ పట్టకపోతే నీకు దొరికేవోణ్ణి కాదు” అన్నాడు. వెళ్ళి కోచ్‌గారితో రెండు ముక్కలు మాట్లాడి, మా ఆయన కూర్చునే చోటే కూర్చున్నాడు.

నెల్లాళ్ళు నాతో మాటల్లేవు. ఒకరోజు గోడ అవతలినుంచి, “సెల్లెమ్మా, నూనె కాశావా? మోకాలు లాగుతున్నాది” అని కేక వినబడింది. అంతే, అయిపోయింది. తరవాత రోజూ డ్యూటీ దిగాక గీత పక్కన కూర్చుని, కొత్త కార్నర్లకి “పాదం సూడండ్రా, పాదం” అని చెప్పేవాడు.

ఇప్పటికీ ఇంట్లోకి ఎవరొచ్చినా నేను ముందు పాదాలే చూస్తాను. నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా కోడలు, ఆఫీసునుంచి వచ్చి బాగానే ఉన్నానత్తా అంటుంది. పాదం ఈడుస్తూ వచ్చిందంటే కుర్చీ జరుపుతాను.

ఆట మానిన ఆరేళ్ళకి అన్నయ్య గుండె ఆగి పోయాడు. చర్చిలో పెట్టెలో పడుకోబెట్టారు, తెల్లచొక్కా, గుండెల మీద చేతులు. చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని పాస్టరుగారు చదువుతున్నారు. నాకది కొత్తమాట కాదు. చెమటలు కారుతున్న మనిషి ఒకడు ఆట విరామంలో నాకెప్పుడో చెప్పాడు. మూత వేసేముందు వదినని అడిగి దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు కట్టనని లాక్కున్న పేలికలు ఇంట్లో దాచినవి తెచ్చుకున్నాను. ఎడమచేతి వేళ్ళకి, ఏ రెంటినీ కలపకుండా, దేనికది చుట్టాను. వెనకనుంచి ఎవరో, “గట్టిగా కట్టమ్మా, జారిపోద్ది” అన్నారు.

గట్టిగా కట్టలేదు. వేలు కదలాలి కదా.