ఆఖరున దిగేవాళ్లం

మా నాన్నగారు నరసాపురం రేవులో పంటు నడిపేవారు. మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, ఒక్కోసారి పెళ్లివారి కార్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ అది. ఒడ్డు తగలగానే జనమంతా తోసుకుంటూ దిగిపోయేవారు. మేం మాత్రం కదలకూడదు. పంటువాళ్ల ఇంట్లో పుట్టినవాళ్లు ఆఖరునే దిగాలని ఆయన నియమం. ఎవరైనా సంచీ మరిచిపోయారేమో చూసి, అప్పుడు మమ్మల్ని దించేవారు. బడికి ఆలస్యమవుతున్నా అంతే.

ఇప్పుడు నేను భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. రైలైనా, లిఫ్టైనా అందరూ దిగాకే దిగుతాను. "నువ్వేమన్నా రైలు గార్డువా?" అని మా ఆయన ప్లాట్‌ఫారం మీద నిలబడి విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆయన బడిపంతులుగారి అబ్బాయి, హోటల్లో మెనూ కార్డు ఇచ్చినా అందులో తప్పులు దిద్దుతారు. నేనేమైనా అన్నానా?

మొన్న సాయంత్రం కాలేజీ బస్సు ఇంజన్‌లోంచి పొగ వచ్చింది. పిల్లలంతా గబగబా దిగిపోయారు. బస్సులో నేనూ, డ్రైవరూ మిగిలాం.

"దిగండి మేడమ్," అన్నాడతను.

"ముందు మీరు దిగండి."

"బండి నాదండి. నేను ఆఖర్న దిగాలి."

నాకు కోపం వచ్చింది.

"మా నాన్నగారు నరసాపురం పంటు నడిపేవారండి," అన్నాను.

అతనిది రేవుకి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. నా ముఖం ఒకసారి చూసి దిగాడు.

సీట్ల కింద ఎవరి సంచీ అయినా మిగిలిందేమో చూసుకుని, నేను ఆఖరున దిగాను.