చివరి సీనుకి ముందు సోడా

రావులపాలెంలో బస్సు దిగి ఆటో కోసం చూస్తుంటే వెనక ఎక్కడో గోలీసోడా కొట్టిన చప్పుడు వినిపించింది. కీచుమని మొదలై, బుస్సుమని పొంగి, గోలీ సీసా మెడలో టకటకలాడి ఆగే చప్పుడు. మధ్యలో కొన్నాళ్లు కనబడకుండా పోయిన ఈ సోడాలు ఇప్పుడు రంగురంగుల సీసాల్లో మళ్లీ బజారుకెక్కాయి. పచ్చి అరటిగెలల వాసన, లారీల పొగ, నడినెత్తిన ఎండ. అన్నిటి మధ్యా ఆ చప్పుడు చెవిన పడగానే నా చెయ్యి దానంతట అదే పైట చెంగు వెతుక్కుంది. సోడా చప్పుడు వింటే అందరికీ దాహం వేస్తుంది, నాకు ఏడుపొస్తుంది. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. గ్రేసమ్మగారిని ఎరిగినవాళ్లెవరూ ఈ మాటకి నవ్వరు.

గ్రేసమ్మగారు నాకు మొదటి ఉద్యోగమిచ్చిన హెడ్మిస్ట్రెస్. గోదావరి గట్టు పక్కన ఒక చిన్న ఊళ్లో మిషన్ స్కూలు, దాని వెనకే ఆవిడ క్వార్టర్సు. గంజిపెట్టి ఇస్త్రీ చేసిన నేతచీర, గీత గీసినట్టు నడిమి పాపిడి, చేతికి మగవాళ్ల గడియారం. తడి గొడుగు వరండాలో ఏ మూల పెట్టాలో కూడా ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. చేరిన కొత్తలో ఒక పిల్లాడి తండ్రి వచ్చి నలుగురిలో నన్ను నానామాటలూ అంటే స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. ఆవిడ వచ్చి పక్కన నిలబడ్డారు. ఓదారుస్తారనుకున్నాను.

"కుళాయి దగ్గరికి వెళ్లి ఏడవండి పద్మజా. మొహం కడుక్కుంటూ ఏడిస్తే ఏవి నీళ్లో ఏవి కన్నీళ్లో ఎవరికీ తెలీదు. ఏడుపు నలుగురికీ చూపించేది కాదమ్మా," అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లి కుళాయి దగ్గరే ఏడ్చాను. ఆ మధ్యాహ్నం ఆవిడ ఆ తండ్రిని తన గదిలోకి పిలిపించి తలుపు వేసుకున్నారు. బయటికొచ్చేటప్పటికి ఆయన మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

ఆవిడ భర్త ఐజాక్‌గారు కాకినాడ హార్బరులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక కూడా అక్కడే ఒక అద్దెగదిలో ఉండిపోయారు. వాళ్లిద్దరూ విడిపోయారనడానికి లేదు, కలిసున్నారనడానికీ లేదు. క్రిస్మస్‌కి ఆయన వచ్చేవారు. చర్చిలో ఆయన మగవాళ్ల వైపు, ఆవిడ ఆడవాళ్ల వైపు. ఆరాధన అయ్యాక ఆయన గేటు దగ్గర అందరినీ నవ్విస్తుంటే ఆవిడ గడియారం చూసుకునేవారు. ఆయనది నలిగిన చొక్కా, భుజాన తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక వేళాకోళం. ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. ఈ పెళ్లి ఎవరు కుదిర్చారా అని ఊరంతా ముక్కున వేలేసుకునేది.

అలాంటి ఇద్దరూ పక్కపక్కన కూర్చునే చోటు ఒక్కటే ఉండేది. అది ఒక పాత సినిమా. పక్క టౌనులో థియేటరు వాళ్లు ఎప్పుడు ఖాళీ వారం వచ్చినా ఆ బొమ్మే వేసేవాళ్లు, ఎప్పుడు వేసినా హాలు నిండేది. అందులో నాయిక ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సు. గడియారం ముల్లు పట్టుకుని బతికే మనిషి. నాయకుడు లాంచీ మీద టిక్కెట్లు కొడతాడు. లాంచీ ఎప్పుడు చేరితే అదే టైమంటాడు. ప్రేమించుకుంటారు, పెళ్లి చేసుకుంటారు, ఒకే ఇంట్లో ఇమడలేక విడిపోతారు. ఆఖరికి ఆమెకి బదిలీ అవుతుంది. వెళ్లడానికి అతని లాంచీయే గతి. టిక్కెట్టు చేతికిస్తూ అతను ఎప్పటిలాగే ఒక ఛలోక్తి విసురుతాడు, ఆమె ఎప్పటిలాగే నవ్వు ఆపుకోలేక నవ్వుతుంది. రేవు వస్తుంది. ఆమె వెనక్కి తిరక్కుండా గట్టెక్కిపోతుంది. కథ అంతే. విలన్ లేడు, అత్తగారి ఆరళ్లు లేవు.

"శనివారం మ్యాట్నీకి వెళ్తున్నాను, తోడు రండి," అని గ్రేసమ్మగారు మొదటిసారి పిలిచినప్పుడు నేను హడలిపోయాను. థియేటరు ముందు ఐజాక్‌గారు టిక్కెట్లతో సిద్ధంగా ఉన్నారు.

"రండి పద్మజగారూ! మా హెడ్మిస్ట్రెస్ సినిమాకి కూడా అటెండెన్స్ వేస్తుందండి. లేటుగా వస్తే ఇంటర్వెల్ దాకా నిలబెడుతుంది."

"ముందు ఆ కాలరు సరిచేసుకోండి," అన్నారు ఆవిడ.

సినిమా అంతా ఇద్దరూ గుసగుసగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. నర్సుదే న్యాయమని ఆవిడ, లాంచీవాడిదే న్యాయమని ఆయన. తీరా లాంచీ సీను మొదలయ్యేసరికి ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, బయటికి వెళ్లిపోయారు. ఆవిడ కదల్లేదు. తెర వెలుగులో చూస్తే ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి. నేను గబుక్కున చూపు తిప్పేసుకున్నాను. ఆట అయ్యి బయటికొస్తే ఆయన మూడు సోడాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నురుగు ఇంకా పొంగుతూనే ఉంది. తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఇదే తంతు.

తిరుగు బస్సులో ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను. "ఐజాక్‌గారు ఎప్పుడూ చివర్లో లేచి వెళ్తారేంటండీ?"

ఆవిడ కిటికీలోంచి కాలవ వంక చూస్తూ అన్నారు. "ఆయనకి దుఃఖమంటే పడదమ్మా. దుఃఖం వస్తోందంటే చెప్పులేసుకుంటారు. మాకొక పాప పుట్టి పోయింది. ఆ పొద్దున నేను లోపల దాన్ని పట్టుకుని కూర్చుంటే, ఆయన వాకిట్లోకి వెళ్లి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ కూర్చున్నారు. నవ్వు కూడా వినబడింది. నవ్వించేవాడు నాకు దొరికాడు గానీ, ఏడ్చేటప్పుడు పక్కన కూర్చునేవాడు దొరకలేదు." అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కాకినాడలో ఆ అద్దెగది ఎందుకుందో నాకు అప్పుడర్థమైంది.

ఆ సినిమా అన్నేళ్లు ఎందుకాడిందని తర్వాత నేను చాలా ఆలోచించాను. మా స్టాఫ్ రూములో అది వచ్చిన వారమల్లా రెండు పార్టీలయ్యేవి. పెళ్లికాని రోజుల్లో నాది లాంచీవాడి పార్టీ. పెళ్లయి, పూటకో మాట చెప్పే మా ఆయనతో వేగుతున్న రోజుల్లో నర్సు వైపు దూకేశాను. పిల్లలు పుట్టాక మళ్లీ లాంచీవాడి వైపు వచ్చాను. ఎవరిది తప్పో ఆ బొమ్మ చెప్పదు. తీర్పు మన ఒళ్లో పడేసి దీపాలు వెలిగిస్తుంది. ఇంటికెళ్లి మన మొగుణ్ణో పెళ్లాన్నో మరోసారి పరకాయించి చూసుకోవడమే మిగులుతుంది. అది ఎన్నిసార్లయినా మిగిలే పనే కాబట్టి జనం వెళ్తూనే ఉన్నారు.

చివరికి ఆ థియేటరు మూసేసి కల్యాణమండపం కడతారని తెలిసింది. ఆఖరి వారం ఆ సినిమాయే వేశారు. ఇసకేస్తే రాలనంత జనం. ఐజాక్‌గారు కాకినాడలో జారిపడి, కాలికి సిమెంటు కట్టుతో, కర్ర పొడుచుకుంటూ వచ్చారు. కట్టు ఉన్న కాలు బారుగా చాపించి ఆయన్ని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. లాంచీ సీను వచ్చింది. ఆయన లేవబోయారు. కాలు రాదు, వరసలో జనం జరగరు. గాదెలో ఇరుక్కున్న పిల్లిలా నా వంక చూశారు. నేనేం చెయ్యను? ఆఖరికి భుజం మీది తువ్వాలు తీసి తలమీంచి మొహం నిండా కప్పేసుకున్నారు.

"ఏంటండీ ఇది? వానొస్తోందా?" అన్నారు గ్రేసమ్మగారు.

తువ్వాలు లోపల్నుంచి మెల్లగా వినబడింది. "కానియ్యి గ్రేసూ. నేను చూడట్లేదులే."

"ఏం కానివ్వాలి?"

"ఏడువు. నేను ఎదురుగా ఉంటే నువ్వు ఏడవవు. పాప పోయిన పొద్దున నేను లోపలికి రాగానే కళ్లు తుడిచేసుకుని, వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చారా అనడిగావు. నేనుంటే నీకు ఏడుపు కూడా దక్కదనిపించింది. అందుకే బయట కూర్చున్నా. ఎవరినీ లోపలికి రానివ్వకుండా ఏవో కబుర్లు చెప్తూ కూర్చున్నా."

తెర మీద లాంచీ రేవుకి చేరుతోంది. గ్రేసమ్మగారు తెర వంక చూడటం మానేశారు.

"మరి ఇక్కడ?"

"ఇక్కడా అంతే. తలుపు కర్టెన్ పక్కన నిలబడి నిన్నే చూస్తుంటా. నువ్వు మొహం తుడుచుకున్నాకే సోడాలు కొట్టిస్తా."

నురుగు ఎప్పుడూ ఎందుకు పొంగుతూ ఉండేదో నాకు తెలిసింది. ఆవిడ చెయ్యి చాపి ఆయన మొహం మీది తువ్వాలు లాగేశారు. దాంట్లోనే మొహం దాచుకుని, ముందు వరసవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా, చిన్నపిల్లలా ఏడ్చారు. ఆయన చెయ్యి ఆవిడ వీపు మీద పడింది. నేను లేచాను. "సోడాలు తెస్తానండీ," అని ఎలాగో జనాన్ని దాటుకుని బయటపడ్డాను. హాలు మొత్తం ఖాళీ అయ్యేదాకా లోపలికి వెళ్లలేదు.

బస్టాండులో ఆవిడ గొంతు సవరించుకుని, ఎప్పటి కరుకు స్వరంతోనే, "కాకినాడలో ఆ గది ఖాళీ చేసెయ్యండి," అన్నారు.

"అటెండెన్స్ వేస్తావా?"

"వేస్తాను. లేటయితే ఊరుకోను."

తర్వాత చాలా ఏళ్లే కలిసి బతికారు. ఫ్యాను దగ్గర, పప్పులో ఉప్పు దగ్గర, తడి గొడుగు దగ్గర రోజూ గొడవే. మనిషి మీద ప్రేమ ఉంటే పక్కన కూర్చోవాలనే నేను అనుకునేదాన్ని. బయట నిలబడి కాపు కాసే ప్రేమ కూడా ఉంటుందని ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. మా అమ్మాయి పరీక్ష తప్పిన రోజు గదిలోకి వెళ్లకుండా గుమ్మం బయట చిక్కుళ్లు ఈనెలు తీస్తూ కూర్చున్నానంటే అది వాళ్ల చలవే.

గ్రేసమ్మగారు పోయిన వానాకాలంలో కన్నుమూశారు. ఇవాళ ఐజాక్‌గారు ఫోను చేసి, "ఆ సినిమా ఇప్పుడు ఫోన్లో వస్తుందటగా పద్మజా, ఒకసారి చూపిస్తావా అమ్మా?" అన్నారు. అందుకే రావులపాలెంలో దిగాను. దారిలో సోడాలు కూడా కొన్నాను.

ఆయన ఇంట్లో బల్ల మీద ఫోను నిలబెట్టి చూశాం. ఆయన ఎక్కడా ఒక్క వేళాకోళం ఆడలేదు. లాంచీ సీను మొదలవగానే, నాకు తెలిసిన మర్యాద ప్రకారం, నేను లేచాను.

"ఎక్కడికమ్మా?"

"సోడాలు కొట్టుకొస్తానండీ."

"కూర్చో," అన్నారు ఆయన. కళ్లు అప్పటికే ఎర్రబడ్డాయి. "ఏడ్చేటప్పుడు ఆవిడకి పక్కన ఎవరూ ఉండకూడదు. నాకలా కాదు. నేను ఒక్కణ్ణీ ఏడవలేనమ్మా."

కూర్చున్నాను. లాంచీ రేవుకి చేరేసరికి ఆయన భుజం మీది తువ్వాలు తీసి, ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస నా వైపు జరిపారు.